ముక్కులో మొదలై వెన్నుదాకా: క్యాన్సర్‌తో నా అనుభవం

2021 మే నెలలో నాకు వాసన పోయింది. ఆ రోజుల్లో వాసన పోయిందంటే ఎవరికైనా తట్టేది ఒకటే, కరోనా. ఆర్టీపీసీఆర్ చేయించాను, నెగెటివ్. మళ్లీ చేయించాను, మళ్లీ అంతే. "టెస్టులు ఒక్కోసారి తప్పు చూపిస్తాయి, ఎందుకైనా మంచిది, గదిలోనే ఉండండి" అన్నారు. ఉన్నాను. మా అత్తగారు గుమ్మం బయట పళ్లెం పెట్టి, దూరంగా నిలబడి తిన్నానో లేదో చూసేవారు. జ్వరం లేదు, దగ్గు లేదు. కుడివైపు ముక్కు మాత్రం దిబ్బడగా ఉండేది.

మాది భీమవరం. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆగస్టులో బళ్లు తెరిచాక ఒకరోజు బోర్డు మీద రాస్తుండగా ముక్కులోంచి రక్తం కారి మాస్కు తడిసింది. కుడివైపే. ఈఎన్‌టీ డాక్టరు లైటు వేసి చూసి పాలిప్, అంటే ముక్కులో పెరిగే మెత్తటి కండ అన్నారు, స్ప్రే రాశారు. రెండు నెలలు వాడాను. దిబ్బడ తగ్గలేదు, రక్తం అప్పుడప్పుడూ వస్తూనే ఉంది. అక్టోబరులో ఇంకో డాక్టరు దగ్గరికి వెళితే ఆవిడ సన్నటి ఎండోస్కోపు లోపలికి పెట్టారు. అప్పటిదాకా స్కూలు గురించి కబుర్లు చెబుతున్న మనిషి ఒక్కసారిగా మాట్లాడటం మానేశారు. నాకు టెన్షన్ మొదలైంది అక్కడే. ఒక్కవైపే దిబ్బడ, ఒక్కవైపే రక్తం అంటే ముక్క తీసి పరీక్షకి పంపాల్సిందే అన్నారావిడ. ఆ మాట మొదటి డాక్టరు అని ఉంటే రెండు నెలలు ముందే తెలిసేది.

సీటీ తీశారు, థియేటర్లో మత్తిచ్చి ముక్క తీశారు. బయాప్సీ రిపోర్టు వారానికి వచ్చింది. "స్మాల్ రౌండ్ సెల్ ట్యూమర్, ఐహెచ్‌సీ చేయించండి" అని రాసి ఉంది. అంటే క్యాన్సరేనని తెలిసింది కానీ ఏ రకమో తెలియదు. ఆ రకం తేల్చే ఐహెచ్‌సీ పరీక్షకి ఏడు వేలు కట్టి మళ్లీ పది రోజులు ఎదురుచూశాం. ఆ పది రోజులూ ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు. మా ఆయన అర్ధరాత్రి లేచి హాల్లో ఫోను చూస్తూ కూర్చునేవారు.

ఆల్ఫాక్టరీ న్యూరోబ్లాస్టోమా అని తేలింది. ముక్కు పైకప్పులో, వాసన పట్టే నరాల దగ్గర పుట్టే గడ్డ. ఫోన్లో వెతికితే సగం పేజీలు చిన్నపిల్లలకి కిడ్నీ మీది గ్రంథిలో వచ్చే న్యూరోబ్లాస్టోమా గురించి ఉన్నాయి. పేరు సగం కలిసినంత మాత్రాన అది వేరు, ఇది వేరు. ఆ లెక్కలు చూసి భయపడకండి.

హైదరాబాదులో మా తమ్ముడి ఇల్లు మియాపూర్‌లో ఉంది. నవంబరు చివర్లో నరసాపురం నుంచి లింగంపల్లి వెళ్లే రైలెక్కాం. అక్కడి క్యాన్సర్ డాక్టరు మొదట అడిగింది నన్ను కాదు, పారాఫిన్ బ్లాకుల్ని. రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, తీసిన ముక్కని మైనంలో పెట్టి దాచిన బ్లాకులు, స్లైడ్లు తేవాలి. మా ఆయన మళ్లీ భీమవరం వెళ్లి తెచ్చారు. అరుదైన జబ్బు కాబట్టి ఇంకోచోట కూడా చూపిద్దామని తమ్ముడు వాటిని పట్టుకుని ముంబై టాటా మెమోరియల్‌కి వెళ్లాడు. అక్కడా అదే పేరు చెప్పారు, గడ్డ కణాల తీవ్రత చెప్పే హయామ్స్ కొలతలో గ్రేడు 2 అన్నారు. ఎంఆర్‌ఐలో గడ్డ ముక్కు దాటి, మెదడుకీ ముక్కుకీ మధ్యనున్న జల్లెడ లాంటి ఎముకని తొలిచిందని కనిపించింది. గడ్డ ఎంతవరకు పాకిందో చెప్పే కాడిష్ లెక్కలో స్టేజి సి. ఒళ్లంతా చూపించే పెట్ స్కానుకి 18 వేలు. అప్పటికి ఇంకెక్కడా లేదు.

2022 జనవరిలో ఆపరేషన్. ముఖం కోస్తారేమోనని హడలిపోయాను. కోయలేదు, ముక్కులోంచే చేశారు. ఈఎన్‌టీ సర్జను, న్యూరోసర్జను కలిసి ఎనిమిది గంటలు చేశారట. మెలకువ వచ్చాక ముక్కు కన్నా ఎక్కువ నొప్పి పెట్టింది తొడ! మెదడు కింద పడిన కంతని మూయడానికి తొడ కండ మీది పొర తీసి అతికించారు. ఈ సంగతి సంతకం పెట్టించుకునే కాగితంలో ఉంది కానీ నోటితో ఎవరూ చెప్పలేదు. నెల రోజులు మెట్లెక్కడానికి ముక్కు అడ్డం కాలేదు, తొడ అడ్డమైంది.

ముక్కులో కుక్కిన గుడ్డ తీసేదాకా నోటితోనే ఊపిరి. ఆ తర్వాత నెలన్నర నియమాలు. చీదకూడదు. తుమ్ము వస్తే నోరు బార్లా తెరిచి తుమ్మాలి. వంగి బరువెత్తకూడదు. మలబద్ధకం రాకుండా మందు వేసుకోవాలి, ముక్కితే లోపల అతుకు ఊడిపోవచ్చు. తల ముందుకి వంచినప్పుడు ముక్కులోంచి నీళ్లలా పలచగా బొట్లు పడితే, గొంతులోకి ఉప్పగా దిగితే వెంటనే ఫోను చెయ్యమన్నారు. అది జలుబు కాదు, మెదడు చుట్టూ ఉండే నీరు. మామూలు జలుబు చేసిన ప్రతిసారీ నేను బాత్రూం అద్దం ముందు తల వంచి నిలబడేదాన్ని.

తర్వాత రేడియేషన్. దానికి ముందు పళ్ల డాక్టరు. పాడైన దవడ పళ్లు రెండు పీకించారు. రేడియేషన్ తగిలిన దవడలో తర్వాత పన్ను పీకితే ఎముక మానకపోవచ్చట. పుండు మానడానికి రెండు వారాలు ఆగి, ముఖానికి ప్లాస్టిక్ మాస్కు తయారుచేశారు. వేడినీళ్లలో మెత్తబడిన జాలీ షీటుని ముఖం మీద పరిచి బిగిస్తే అది ముఖం ఆకారంలో గట్టిపడుతుంది. రోజూ దాన్ని బల్లకి బిగించి పడుకోబెడతారు. మింగడానికి కూడా ఇబ్బంది. కళ్లు మూసుకుని ఎక్కాలు చెప్పుకునేదాన్ని, పంతొమ్మిదో ఎక్కం పూర్తయ్యేలోపు అయిపోయేది. 60 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత), 30 సార్లుగా, శని ఆదివారాలు వదిలేసి ఆరు వారాలు. మొదట్లో మియాపూర్ నుంచి మెట్రోలోనే వెళ్లొచ్చాను. నాలుగో వారం నుంచి నోరంతా పుళ్లు, ఆటోలోనే. పెరుగన్నం మిక్సీలో వేసి తాగేదాన్ని.

ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు మీద ఆపరేషన్, రేడియేషన్ ఖర్చు చాలావరకు వెళ్లిపోయింది. స్కానులు, కంత మూయడానికి వాడిన జిగురు, ఇంకా ఏవేవో ప్యాకేజీలో లేనివి కలిపి మా చేతి నుంచి లక్షా డెబ్బై వేలు పడింది. క్యాన్సర్ రోగులకి రైల్లో స్లీపరు, థర్డ్ ఏసీ టికెట్ పూర్తిగా రాయితీ, తోడు వచ్చేవాళ్లకి ముప్పాతిక వంతు రాయితీ ఉంటుంది. రైల్వే ఫారం మీద ఆసుపత్రి డాక్టరు సంతకం, స్టాంపు వేయించుకోవాలి. ఈ సంగతి మాకు పక్క మంచం వాళ్లు చెప్పారు. మా బడి గుమాస్తాగారు ఇంకో మేలు చేశారు. క్యాన్సర్‌కి అర్ధజీతపు సెలవుని పూర్తి జీతంతో వాడుకునే వీలుందని జీవో తీసి నా చేత దరఖాస్తు పెట్టించారు. అడగకపోతే ఎవరూ చెప్పని విషయాలివి.

వాసన శాశ్వతంగా పోయింది. ఉప్పు, పులుపు, తీపి, కారం నాలుక్కి తెలుస్తాయి, మిగతా రుచి లేదు. కొత్తావకాయ పాత ఆవకాయ ఒక్కటే. గ్యాసు లీకైతే తెలియదని గ్యాస్ డిటెక్టర్ కొన్నాం, పదిహేను వందలు. ఫ్రిజ్‌లో గిన్నెల మీద తేదీ రాసి చీటీలు అంటిస్తాను. ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం రోజుకి రెండుసార్లు, జీవితాంతం. లేకపోతే లోపల పెచ్చులు కడతాయి.

జూన్ 2022లో బడికి వెళ్లిపోయాను. మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి ముఖానికి, మెడకి ఎంఆర్‌ఐ. ప్రతిసారీ బాగుందన్నారు. ఈ గడ్డ మెడ గ్రంథులకి, ఎముకలకి వెళ్లగలదని, ఏళ్ల తర్వాత కూడా రాగలదని డాక్టరు చెప్పారు. కానీ స్కాను మెడ దగ్గరే ఆగేది. మెడ కింద ఏముందో ఆ ఫిల్ముల్లో ఎలా కనిపిస్తుంది? స్టేజి సి వాళ్లు కనీసం ఏడాదికోసారి ఒళ్లంతా చూపించే స్కాను గురించి తమ డాక్టర్ని అడగాలని నా అభిప్రాయం. అందరికీ అవసరమా కాదా అనేది వాళ్లు చెబుతారు.

2024 ఫిబ్రవరిలో వీపు మధ్య నొప్పి మొదలైంది. పగలు నిలబడి పాఠం చెబితే అంతగా తెలిసేది కాదు, రాత్రి పడుకుంటే ఎక్కువయ్యేది. తెల్లవారుజామున లేచి కుర్చీలో కూర్చుంటే కాస్త నయం. ఎముకల డాక్టరుకి పాత జబ్బు సంగతి చెప్పాను, ఫైలు కూడా చూపించాను. ఎక్స్‌రే బాగానే ఉందని కాల్షియం, విటమిన్ డి, నడుం బెల్టు రాసి ఫిజియోథెరపీకి పంపారు. "ముక్కు క్యాన్సర్‌కి వీపుకి ఏం సంబంధమమ్మా" అన్నారు. మార్చి అంతా నొప్పి తగ్గడానికి ఐఎఫ్‌టీ అనే కరెంటు పెట్టించుకున్నాను. ఎముక బాగా తినేసేదాకా ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చని తర్వాత తెలిసింది.

ఏప్రిల్ మొదటి వారానికి ఛాతీ చుట్టూ పటకా బిగించినట్టు పట్టేసేది. పాదాల కింద నేల తెలిసేది కాదు, దూదిమీద నడిచినట్టుండేది. చెప్పు జారిపోయినా తెలియక బడి వరండాలో ఒక్క చెప్పుతో నడిచాను, పిల్లలు చూసి చెప్పారు. మూత్రానికి వెళితే వెంటనే వచ్చేది కాదు. సిగ్గుపడి ఇది దాచుకోకండి. నేను ఫోన్లో ఈ మాట చెప్పగానే హైదరాబాదు రేడియేషన్ డాక్టరు గొంతు మారింది. "అమ్మా, రేపు కాదు, ఇవాళే బయల్దేరండి. పడుకునే రండి" అన్నారు. కారులో వెనక సీటు మీద పడుకుని వెళ్లాను. రాత్రి పదకొండుకి వెన్నెముక మొత్తానికి కాంట్రాస్టు ఎంఆర్‌ఐ. దాదాపు గంటసేపు ఆ గొట్టంలో వెల్లకిలా పడుకోవడం ఆ నొప్పితో నరకం. ముందే నొప్పి ఇంజెక్షన్ అడిగి వేయించుకోండి.

వీపు మధ్యలోని డి7 పూస నలిగిపోయింది. అక్కడి గడ్డ వెన్నుపామును నొక్కుతోంది. నడుం దగ్గరి ఎల్2 పూసలో ఇంకో మచ్చ. ఫిల్ము చూసిన అర గంటలో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించారు. ఒక చిన్న విషయం: ఆ మందు వేగంగా ఎక్కిస్తే తొడల మధ్య భరించలేనంత చురచుర, మంట వస్తుంది. ఒక్క నిమిషమే. ఎవరూ చెప్పకపోవడంతో నేను కేకపెట్టి మంచం మీద లేవబోయాను. మర్నాటికి షుగరు 340కి పోయింది, నాకు షుగరు జబ్బు లేదు. స్టెరాయిడ్ తగ్గించాక అదే దిగింది.

రెండో రోజు ఆపరేషన్. వెన్నుపాము మీద ఒత్తిడి తీసేసి, నలిగిన పూసకి పైనా కిందా స్క్రూలు, రాడ్లు బిగించారు. తీసిన ముక్క పరీక్షలో అదే ముక్కు గడ్డ. అదే పేరు, రెండేళ్ల తర్వాత, రెండడుగుల కింద.

"నడుస్తానా?" అని సర్జన్ని అడిగాను. "ఆసుపత్రికి వచ్చేనాటికి ఇంకా నడవగలుగుతున్నారు కాబట్టి నడుస్తారనే అనుకుంటున్నాం" అన్నారు. ఆ జవాబు ఎంత నిజమో ఆ వార్డులోనే చూశాను. కాళ్లు పూర్తిగా పడిపోయాక వచ్చినవాళ్లలో చాలామందికి నడక తిరిగి రాలేదు.

నిజం చెప్పాలంటే ముక్కు ఆపరేషన్ కన్నా వెన్ను ఆపరేషన్ తర్వాతి నెల కష్టం. పక్కకి తిరగాలంటే భుజం, నడుం, మోకాలు ఒకేసారి దొర్లాలి, నడుం మెలిపెట్టకూడదు. మా ఆయన, మరదలు కలిసి దుప్పటి పట్టుకుని తిప్పేవారు. మూత్రం గొట్టం రెండు వారాలు. మంచం పుండ్లు పడకుండా గాలి పరుపు అద్దెకి తెచ్చాం, నెలకి పన్నెండు వందలు. లేచి కూర్చోవడానికి కొలతలు తీసి చేసిన బ్రేస్, తొమ్మిది వేలు. మే నెల ఎండలో ఆ ప్లాస్టిక్ కవచం కింద ఒళ్లు ఉడికిపోయేది. లోపల పాత కాటన్ బనియను వేసుకోండి, ఇదొక్కటే ఉపాయం. మొదటిసారి వాకరు పట్టుకుని నాలుగడుగులు వేసినప్పుడు మరదలు ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, కాళ్ల వంకే చూస్తున్నాను, వాటి మీద నాకు నమ్మకం లేదు.

నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాశారు. మామూలు మందుల షాపుల్లో దొరకలేదు, ఆసుపత్రిలో నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ విభాగంలోనే తీసుకోవాలి, చీటీ వాళ్లే ఉంచుకుంటారు. "అలవాటైపోతుంది వదినా, వద్దు" అని మా ఆడపడుచు ఫోను. పాలియేటివ్ అంటే చివరి రోజులేమోనని మా ఆయన ఆ గది గుమ్మం తొక్కడానికే ఇష్టపడలేదు. నాకు మాత్రం ఆ గదిలోనే మొదటిసారి ఒకరు కూర్చోబెట్టి, రాత్రి ఎన్ని గంటలు నిద్ర పడుతోందని అడిగారు. మార్ఫిన్‌తో పాటు విరేచనాల మందు మొదటి రోజు నుంచే వేసుకోవాలి, రెండ్రోజులాగి చూద్దాం అనుకోకూడదు. నొప్పి తగ్గాక డాక్టరు చెప్పినట్టే మెల్లగా తగ్గించి మానేశాను.

కుట్లు మానాక వెన్నుకి రేడియేషన్, 30 గ్రేలు, 10 సార్లు. మాస్కు లేదు, చర్మం మీద గుర్తులు మాత్రమే. గొంతు కింద మంట, అన్నం దిగేటప్పుడు నొప్పి, రెండు వారాల్లో తగ్గింది. జూన్ నుంచి కీమో. సిస్‌ప్లాటిన్, ఎటోపోసైడ్, వరసగా మూడు రోజులు, 21 రోజులకోసారి. సీసాలు సీసాలు సెలైన్ ఎక్కించి, మూత్రం కొలిచి రాయమంటారు. జుట్టు రాలడం అందరికీ తెలిసిందే. నాకు వింతగా అనిపించింది చెవుల్లో హోరు. రెండో సైకిల్ తర్వాత కీచురాళ్ల మోత ఆగలేదు. వెంటనే చెబితే వినికిడి పరీక్ష చేసి సిస్‌ప్లాటిన్ బదులు కార్బోప్లాటిన్ పెట్టారు. మోత పూర్తిగా పోలేదు కానీ పెరగలేదు. ఎముకలకి జోలెడ్రానిక్ యాసిడ్ నెలకోసారి. మొదటి డోసు రాత్రి వణుకు, జ్వరం, ఒళ్లు నొప్పులు, డెంగీ అనుకున్నాం. రెండో డోసుకి ఏమీ లేదు. దీనికి ముందు కూడా పళ్ల డాక్టరు సంతకం కావాలి.

నవంబరులో డోటాటేట్ పెట్ అనే వేరే స్కాను తీశారు. పెట్ స్కానుల్లో మామూలుది గడ్డ తినే చక్కెరని చూపిస్తుంది. ఇది కొన్ని గడ్డల మీద ఉండే ఒక రకం గ్రాహకాన్ని, అంటే మందు అతుక్కునే చోటుని, పట్టి చూపిస్తుంది. నా వెన్నులో, కటి ఎముకలో మచ్చలు బాగా వెలిగాయి. వెలగడం మంచిదని డాక్టరు చెబితే మొదట అర్థం కాలేదు. అదే గ్రాహకానికి అతుక్కునే మందుకి లుటీషియం 177 అనే రేడియోధార్మిక పదార్థం తగిలించి పంపితే, అది వెళ్లి అక్కడే పనిచేస్తుంది. వెలగకపోతే ఈ దారి లేదు.

దీనికి మా కార్డు మీద ఆమోదం రాలేదు. తమ్ముడు రెండు ఆఫీసులు తిరిగాడు, ప్రతిచోటా మర్యాదగా కూర్చోబెట్టి ఫైలు తీసుకున్నారు, అంతే. ఒక్కో డోసు రెండు లక్షల చిల్లర, నాలుగు డోసులు. పీఎఫ్‌లో లోను పెట్టాను, మా అమ్మ పేరున ఉన్న అరెకరం చేపల చెరువు అమ్మేశాం. ఆ చెరువు సంగతి అమ్మ ఇంతవరకు నా దగ్గర ఎత్తలేదు.

2025 జనవరిలో మొదటి డోసు, తర్వాత రెండేసి నెలల దూరంలో మిగతావి. లుటీషియం ఎక్కేది అర గంటే, ఏమీ తెలియదు. దానికి ముందు మొదలుపెట్టి గంటల తరబడి కిడ్నీలు కాపాడటానికి ఎక్కించే అమైనో ఆమ్లాల సీసాతోనే వాంతులు. వాంతి మందు ముందే వేయమని రెండోసారి నుంచి గట్టిగా అడిగాను. ఆ రోజు గదిలో ఒక్కదాన్నే. భోజనం తలుపు దగ్గర పెట్టి వెళ్లారు, నర్సు మీటరు పట్టుకుని దూరం నుంచే కొలిచింది. బాత్రూంలో రెండుసార్లు ఫ్లష్ చేయాలి. ఇంటికొచ్చాక కూడా కొన్ని రోజులు చిన్నపిల్లల్ని దగ్గరికి తీసుకోకూడదు. తమ్ముడి కూతురికి అయిదేళ్లు. తలుపు సందులోంచి "అత్తా, నువ్వు ఇప్పుడు చీకట్లో వెలుగుతావా?" అని అడిగింది. లైటు ఆపి చూసుకున్నాం, వెలగలేదని నిరాశపడి వెళ్లిపోయింది.

నాలుగో డోసు జులైలో అయింది. సెప్టెంబరు స్కానులో కటి మచ్చ చిన్నదైంది, వెన్నులోవి అలాగే ఉన్నాయి, కొత్తవి లేవు. "పోయిందా?" అని మా ఆయన అడిగారు. "పోలేదు, ఆగింది" అన్నారు డాక్టరు. ఇక నాలుగు నెలలకోసారి స్కాను, ఈసారి తల నుంచి తొడల దాకా. నేను వారానికి మూడు రోజులు బడికి వెళుతున్నాను, కుర్చీలో కూర్చుని చెబుతాను, బోర్డు మీద రాసే పని తొమ్మిదో తరగతి లీడరుది. ఏప్రిల్‌లో పెట్టిన రీయింబర్స్‌మెంట్ బిల్లు మొన్న వెనక్కి వచ్చింది, ఈ వైద్యం అవసరమేనని ఆసుపత్రి ఇచ్చే ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ మీద తేదీ లేదట. ఆ సంతకం కోసం సోమవారం రాత్రి రైలుకి హైదరాబాదు వెళ్లాలి, కింది బెర్తు దొరికింది.